పదిహేనేళ్ల మోటారు సైకిలుకు పరీక్ష - తిరస్కరణకు దారితీసే లోపాలు

(ప్రత్యేక వ్యాసం)

ఎచ్చెర్ల: శ్రీకాకుళం నుండి విశాఖపట్నం వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఎచ్చెర్ల మండలం మీదుగా పోతుంది. తెల్లవారుజామునే ఈ దారిన పైడిభీమవరం పారిశ్రామికవాడలోని ఔషధ కర్మాగారాలకు షిఫ్టు పనివారు, బుడగట్లపాలెం తీరం నుండి చేపల పెట్టెలతో చిరు వ్యాపారులు, కొంత పొద్దెక్కిన పిదప డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి, ఎస్.ఎం.పురంలోని ట్రిపుల్ ఐటీకి వెళ్లే సిబ్బంది ప్రయాణిస్తుంటారు. వీరిలో పలువురికి మోటారు సైకిలే ఆధారం. కొన్ని వాహనాల ట్యాంకులపై నేటికీ 'హీరో హోండా' అన్న పేరు కనిపిస్తుంది. ఆ ఉమ్మడి సంస్థ భాగస్వాములు విడిపోవాలని నిర్ణయించుకొన్నది 2010 డిసెంబరులో. సంస్థ హీరో మోటోకార్ప్‌గా పేరు మార్చుకొన్నది 2011లో. అనగా ఆ పేరు గల వాహనాలలో అధిక భాగం పదిహేనేళ్ల వయస్సును చేరినవి లేదా దాటినవి.

ఈ పదిహేనేళ్ల గడువు గురించి వాహన యజమానులకు తెలిసినది స్వల్పం. గడువు తీరిన పిదప తనిఖీకి వచ్చి, చిన్న లోపంతో తిరిగి వెళ్లి, ఒక రోజు కూలి నష్టపోయేవారికి ఆ లోపం ముందే తెలిసి ఉంటే ఊరిలోని మెకానిక్కు వద్దనే సరిచేయించుకొని ఉండేవారు. ఈ విషయమై పాత్రికేయులకు, వివిధ శాఖల అధికారులకు ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో చట్టంలోని నిబంధనలను, తనిఖీలో సాధారణంగా బయటపడే లోపాలను ఇక్కడ వివరించడమైనది.

ఇది 'ఫిట్‌నెస్' కాదు, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ

పత్రికలలో 'బైకులకు ఫిట్‌నెస్ పరీక్షలు' అని రాయడం పరిపాటి. వాడుకలో అది చెల్లుబాటు కావచ్చును గాని చట్టపరంగా సరికాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షన్ ప్రకారం సామర్థ్య ధ్రువపత్రం పొందవలసినవి లారీలు, బస్సులు, ఆటోలు, టాక్సీల వంటి రవాణా వాహనాలు. సొంత అవసరానికి వాడుకొనే మోటారు సైకిలు రవాణా వాహనం కాదు. దానికి ఏటేటా పరీక్ష లేదు. 41వ సెక్షన్ ప్రకారం దాని రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల పాటు చెల్లుతుంది; ఆ తరువాత ఒక్కొక్కసారి ఐదేళ్లకు పునరుద్ధరించుకొనవలసి ఉంటుంది. పునరుద్ధరణకు ముందు వాహనాన్ని మోటారు వాహనాల తనిఖీ అధికారి ఎదుట నిలపాలి. రోడ్డుపై పోలీసు, రవాణా అధికారులు జరిపే తనిఖీలను మినహాయిస్తే, మొదటి రిజిస్ట్రేషన్ తరువాత ఒక మోటారు సైకిలును ఆసాంతం పరిశీలించమని చట్టం కోరే మొట్టమొదటి సందర్భం ఇదే.

ఒక్క క్షణం ఆగి ఆలోచించదగిన విషయమిది. 2010లో రిజిస్ట్రేషన్ అయిన వాహనాన్ని ప్రభుత్వ అధికారి మళ్లీ చేయి తాకి చూసేది 2025లో. నడుమ గడచిన పదిహేనేళ్లలో బ్రేకు లైనింగులు, టైర్లు, బల్బులు ఎన్నిసార్లు మార్చారో, అసలు మార్చారో లేదో అంతా యజమాని శ్రద్ధపైనే ఆధారపడి ఉంటుంది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. ఈ మరణాలన్నింటికీ వాహన లోపమే కారణమని చెప్పజాలము. వేగం, హెల్మెట్ లేకపోవడం వాటిలో ప్రధాన పాత్ర వహిస్తున్నవి. అయినను దెబ్బతిన్న బ్రేకు, వెలగని వెనుక దీపం తమ వంతు నష్టం కలిగించక మానవు.

ఇతర దేశాల అనుభవం ఇందుకు కొంత వెలుగునిస్తుంది. బ్రిటన్‌లో వాహనాలకు నిర్బంధ పరీక్ష 1960లో మొదలైంది. తొలుత పదేళ్లు నిండిన వాహనాలకే పరిమితమైన ఆ పరీక్షను 1967లో మూడేళ్లు నిండిన వాహనాలకు విస్తరించారు; మూడేళ్ల తరువాత మోటారు సైకిలు కూడా ఏటా పరీక్షకు వెళ్లవలసిందే. జపాన్‌లో 250 సి.సి.కి మించిన మోటారు సైకిళ్లకు కొన్న మూడేళ్లకు, ఆపై రెండేళ్లకొకసారి పరీక్ష ఉంటుంది. ఫ్రాన్సు దేశం ఎన్నో ఏళ్ల వాదోపవాదాల తరువాత 2024 ఏప్రిల్ 15 నుండి ద్విచక్ర వాహనాలకు పరీక్షను అమలులోకి తెచ్చింది. వీటిలో బ్రిటన్ ప్రభుత్వం తన పరీక్షల ఫలితాలను, తిరస్కరణ కారణాలతో సహా బహిరంగంగా ప్రకటిస్తుంది. అక్కడ మొదటి పరీక్షలో విఫలమయ్యే మోటారు సైకిళ్లు సుమారు ఆరింట ఒకటి. విఫలమైనవాటిలో అన్నింటికన్నా ముందు నిలిచే కారణం ఇంజనూ కాదు, ఛాసిస్ కూడా కాదు. దీపాలు, సంకేత పరికరాలు. వాటి తరువాతి స్థానాలలో బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్, టైర్లు ఉంటాయి. మన వాహనాలు, మన రోడ్లు వేరైనప్పటికీ, బల్బు మాడిపోవడం, తీగ తెగిపోవడం ఏ దేశంలోనైనా ఒకటే.

వాహనం వద్దకు పోకముందే ఆగిపోయే దరఖాస్తులు

తనిఖీ అధికారి వాహనాన్ని చూడకముందే కాగితాల వద్ద ఆగిపోయే సందర్భాలను ముందుగా ప్రస్తావించవలసి ఉన్నది. పదిహేనేళ్లలో ఒక మోటారు సైకిలు ఇద్దరు ముగ్గురి చేతులు మారడం సర్వసాధారణం. బండి మారుతుంది, డబ్బు మారుతుంది, ఆర్.సి. మాత్రం మొదటి యజమాని పేరునే ఉండిపోతుంది. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజులలోను, కొన్నవారు 30 రోజులలోను ఆ విషయం రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. యజమాని మరణించినచో వారసులు సైతం 30 రోజులలో తెలియజేసి, తమ పేరున బదిలీ కోరాలి. ఇవేవీ జరగని వాహనానికి పునరుద్ధరణ కోరేవారు ముందుగా యాజమాన్య బదిలీ పూర్తిచేసుకొనవలసి వస్తుంది. మొదటి యజమాని ఊరు విడిచి వెళ్లి ఉంటే, లేదా అప్పు తీరినా ఫైనాన్సు సంస్థ పేరు ఆర్.సి. నుండి తొలగించుకొనకపోతే ఆ పని మరింత జటిలమవుతుంది. తండ్రి కాలం చేసిన తరువాత ఆయన బండినే నడుపుకొంటున్న కుమారునికి ఈ సంగతి గడువు రోజున గాని తెలియకపోవడం విచారకరం.

పాత నంబర్ల విషయంలో కొంత గందరగోళం కూడా ఉన్నది. శ్రీకాకుళం జిల్లా వాహనాలకు ఏపీ 30, విజయనగరం జిల్లా వాహనాలకు ఏపీ 35 కోడు ఉండేవి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడు ప్రవేశపెట్టారు. కావున ఇప్పుడు పదిహేనేళ్లు నిండుతున్న జిల్లా వాహనాలు పాత కోడు గలవే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాకు మారింది. ఏపీ 30 నంబరు ఉన్నంత మాత్రాన రాజాం వాసి శ్రీకాకుళం రావలసిన అవసరం లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 52వ నిబంధన ప్రకారం వాహనం ఏ రిజిస్టరింగ్ అధికారి పరిధిలో ఉన్నదో అక్కడనే ఫారం 25లో దరఖాస్తు చేయాలి. నంబరు ప్లేటుపై ఉన్న జిల్లా కోడుతో దీనికి నిమిత్తం లేదు.

అదే నిబంధన ప్రకారం గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుండి దరఖాస్తు చేసుకొనవచ్చును. ఈ రెండు నెలల అవకాశాన్ని వాడుకొనకపోవడమే మన యజమానులు చేసే అత్యంత ఖరీదైన పొరపాటు. 2022 ఏప్రిల్ 1 నుండి మోటారు సైకిలు పునరుద్ధరణ రుసుమును రూ.300 నుండి రూ.1,000కి పెంచడమైనది. ఆలస్యమైన ప్రతి నెలకు, నెలలో కొంత భాగానికైనా సరే, మరో రూ.300 అదనం. ఏడాది ఆలస్యమైతే అదనపు రుసుమే రూ.3,600, అసలుతో కలిపి రూ.4,600. రెండేళ్లయితే రూ.8,200. పాత బండికి మార్కెట్టులో పలికే ధరతో పోల్చి చూస్తే ఈ మొత్తం ఎంత భారమో వేరుగా చెప్పనక్కరలేదు. వాహనం వయస్సు ఇరవై ఏళ్లు దాటినచో పునరుద్ధరణ రుసుము రూ.2,000గా 2025 ఆగస్టులో కేంద్రం నిర్ణయించింది. వీటికి తోడు రాష్ట్ర ప్రభుత్వం విధించే హరిత పన్ను కూడా చెల్లించవలసి ఉంటుంది.

గడువు తీరిన వాహనాన్ని నడపడం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని నడపడంతో సమానం. 192వ సెక్షన్ కింద మొదటిసారి రూ.2,000కి తగ్గకుండా రూ.5,000 వరకు జరిమానా విధించవచ్చును. అంతకు మించిన నష్టం బీమా విషయంలో కలుగుతుంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన వాహనాల విషయంలో సొంత నష్టానికి, దొంగతనానికి బీమా పరిహారం చెల్లదని సుప్రీంకోర్టు 2014లోను, 2021లోను ఇచ్చిన తీర్పులను ఇక్కడ గుర్తుంచుకొనడం మంచిది. బీమా కాగితం చేతిలో ఉన్నదన్న ధీమా రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉన్నంత వరకే.

అధికారి చూసేది ఏమిటి?

పరిశీలన ఛాసిస్ నంబరుతో మొదలవుతుంది. మోటారు సైకిలుకు ఇది సాధారణంగా హ్యాండిల్ కింద, ఫ్రేము మెడపై చెక్కబడి ఉంటుంది. ఆర్.సి.లోని ఛాసిస్, ఇంజను నంబర్లు వాహనంపై ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోలాలి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసే పద్ధతి అందరికీ తెలిసినదే. తీరప్రాంత మండలాలలో చిక్కు వచ్చేది ఇక్కడనే. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరమున్నది. ఉప్పు గాలి తగిలే గ్రామాలలో పదిహేనేళ్లు ఆరుబయట నిలిచిన బండికి ఫ్రేము మెడ పెచ్చులూడి, నంబరు తుప్పులో కలిసిపోవడం అరుదు కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు వచ్చినప్పుడు నీటిలో మునిగిన వాహనాల సంగతి చెప్పనే అక్కరలేదు. చదవరాని నంబరు గల వాహనం దొంగిలించినదన్న అనుమానానికి తావిస్తుంది. కనుక సొంతంగా నంబరు చెక్కించుకొనే ప్రయత్నం ఎంతమాత్రం చేయరాదు. అది మరింత అనుమానానికి దారితీస్తుంది. రిజిస్టరింగ్ అధికారి అనుమతితోనే తిరిగి చెక్కించాలి. కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో ఏడాదికి రెండుసార్లు ఆ చోటు తుడిస్తే ఈ బెడద చాలా వరకు తప్పుతుంది. ఇంజను మార్చినవారు సైతం ముందస్తు అనుమతి పొంది, ఆర్.సి.లో నమోదు చేయించుకొని ఉండాలి.

దీపాల విషయానికి వచ్చినచో, తలదీపం ఎక్కువ, తక్కువ కాంతులు రెండింటిలోను వెలగాలి. వెనుక ఎర్ర దీపం, బ్రేకు వేసినప్పుడు వెలిగే దీపం, నాలుగు ఇండికేటర్లు, నంబరు ప్లేటుపై పడే కాంతి, వెనుక రిఫ్లెక్టరు సరిగా ఉండాలి. సామాన్యంగా విఫలమయ్యేది బ్రేకు దీపం. నడిపేవారికి అది కనిపించదు కాబట్టి నెలల తరబడి వెలగకపోయినా తెలియదు. ముందు బ్రేకు లీవరు వద్ద ఒకటి, వెనుక పెడలు వద్ద ఒకటి స్విచ్చులుంటాయి. వీటిలో మట్టి, తుప్పు చేరితే బల్బు బాగున్నా దీపం వెలగదు. బల్బు, ఫ్లాషర్, స్విచ్చు - ఇవన్నీ ఏ ఊరిలోనైనా దొరికే చవక సామాను.

జాతీయ రహదారిపై ఈ చిన్న దీపానికి ఎంత విలువ ఉన్నదో లెక్క వేసి చూడవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు వస్తుంది. ఎదుటి బండి ఆగుతున్నదని డ్రైవరు గుర్తించడానికి ఒక సెకను ఆలస్యమైతే, బ్రేకు మీద కాలు పడకముందే ఆ 17 మీటర్లు గడచిపోతాయి. చిలకపాలెం వంటి కూడళ్ల వద్ద వేకువ చీకటిలో వేగం తగ్గించి పక్కకు తిరిగే బండికి వెనుక దీపం లేకపోతే ఏమి జరుగునో ఊహించవచ్చును. 2017 ఏప్రిల్ 1 తరువాతి వాహనాలకు ఇంజనుతో పాటే తలదీపం వెలిగే ఏర్పాటు ఉన్నది. అంతకు ముందరి వాహనాలకు లేదు. ఈ సందర్భంగా ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. తలదీపం తనంత తాను వెలగడం లేదనో, ఏ.బి.ఎస్. లేదనో పాత వాహనాన్ని తిరస్కరించరు. అవి ఆయా తేదీల తరువాత తయారైన వాహనాలకే వర్తిస్తాయి. వాహనం తయారైన నాటి ప్రమాణాలకు తగినట్లు ఉన్నదా, ఆ పరికరాలు నేటికీ పనిచేస్తున్నవా అన్నదే ప్రశ్న.

బ్రేకులలో అధికంగా లోపం కనబడేది ముందు బ్రేకులో. ముందు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుందన్న భయంతో చాలామంది వెనుక బ్రేకునే నమ్ముకొంటారు. ముందు దానిని వదులు చేసి వదిలేసేవారు, కేబులు తెగినా మార్చనివారు కూడా ఉన్నారు. వాస్తవంలో బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదకు వాలుతుంది. బండిని ఆపడంలో అధిక భాగం పని చేసేది ముందు బ్రేకే. వెనుకది మాత్రమే గట్టిగా నొక్కితే తేలికైన వెనుక చక్రం బిగుసుకొని జారుతుంది, ముఖ్యంగా వాన తడి మీద. డ్రమ్ము బ్రేకు గల వాహనాలకు అరుగుదల తెలుసుకొనే సులువైన మార్గం తయారీదారే కల్పించాడు. డ్రమ్ము మూతపై లీవరు వద్ద చిన్న బాణపు గుర్తు ఉంటుంది. బ్రేకును పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం ఎదుటనున్న గీటును చేరితే లైనింగు అయిపోయినట్లే. ఇక నట్టు బిగించి లాభం లేదు, షూలు మార్చవలసిందే. తనిఖీకి ముందు రోజు నట్టు బిగించి తీసుకువచ్చే బండ్లను అనుభవజ్ఞుడైన అధికారి చక్రం తిప్పి చూడగానే పసిగడతాడు.

టైర్ల గాడి లోతు ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదని 94వ నిబంధన చెబుతుంది. ఇతర వాహనాలకు ఇది 1.6 మిల్లీమీటర్లు. టైరు గాడుల మధ్య అరుగుదలను సూచించే చిన్న దిమ్మెలుంటాయి. టైరు అరిగి వాటితో సమమైతే మార్చవలసిన సమయం వచ్చినట్లే. గాడి ఉన్నా పక్కలు పగిలిన టైరు పనికిరాదు. టైరు పక్కన అండాకారంలో ఉండే నాలుగంకెలు దాని పుట్టిన తేదీని తెలుపుతాయి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

స్టీరింగు బాల్‌రేసు వదులు, ముందు ఫోర్కు సీళ్ల నుండి నూనె కారడం, వెనుక చక్రం పక్కకు ఊగడం, చైను మితిమీరి వేలాడటం వంటి లోపాలను కూడా పరిశీలిస్తారు. హారను పనిచేయాలి, అయితే పలు స్వరాలు పలికే హారను నిషిద్ధం. అద్దాలు, స్పీడోమీటరు ఉండాలి.

చీర కొంగు, సైలెన్సరు, నంబరు ప్లేటు

పాత్రికేయుల దృష్టి అంతగా పడని ఒక నిబంధన ఉన్నది. 123వ నిబంధన ప్రకారం మోటారు సైకిలుకు వెనుక కూర్చొనేవారి కోసం చేతితో పట్టుకొనే కడ్డీ, కాళ్లు పెట్టుకొనే ఆధారాలు, వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పి ఉంచే రక్షక పరికరం ఉండి తీరాలి. దీనినే శారీ గార్డు అంటాము. బట్టలు చక్రంలో చిక్కుకొనకుండా చేయడమే దీని ఉద్దేశం. మన జిల్లాలో చీర కట్టుకొని, ఒక పక్కకు తిరిగి కూర్చొని ప్రయాణించే స్త్రీలు ఎక్కువ. కొంగు ఒక్కసారి చువ్వలలో చిక్కితే మనిషి కింద పడటానికి క్షణం పట్టదు. అయినా బండి అందంగా కనిపించదన్న కారణంతో కొన్న వారంలోనే దానిని విప్పించే యువకులున్నారు. పదిహేనేళ్లకు తనిఖీ సమయంలో అది ఇంటి అటక మీద కూడా దొరకదు. ఇతర లోపాలతో పోల్చితే, దీనిపై అధికారులు మరింత పట్టుదల చూపడం సమంజసమని ఈ రచయిత అభిప్రాయం. బండి ఇతరుల సంగతి ఎలా ఉన్నా, దాని మీద వెనుక కూర్చొనే ఇంటి ఆడవారి ప్రాణంతో ముడిపడిన విషయమిది.

సైలెన్సరు లోపాలు రెండు రకాలు. కావాలని చేసేది ఒకటి, కాలం చేసేది మరొకటి. పెద్ద శబ్దం కోసం అసలు సైలెన్సరు తీసివేసి మరొకటి బిగించడం మొదటిది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు 190(2) సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు లేదా రూ.10,000 వరకు జరిమానా లేదా రెండూ, మూడు నెలల లైసెన్సు అనర్హత ఉన్నవి. రెండవది తీరప్రాంతపు తుప్పు. అడుగున చిల్లు పడిన సైలెన్సరు పొగ పరీక్షలో కూడా ఇబ్బంది తెస్తుంది. చిల్లు గుండా గాలి కలిసి యంత్రం చూపే అంకె తప్పుతుంది.

పొగ పరీక్ష ధ్రువపత్రం చెల్లుబాటులో ఉండాలి. దాని కాలపరిమితి సాధారణంగా ఆరు నెలలు. భారత్ స్టేజ్ 4, 6 ప్రమాణాల వాహనాలకు ఏడాది. 2000 మార్చి 31 తరువాత తయారై, స్టేజ్ 4 రాకముందరి నాలుగు స్ట్రోకుల మోటారు సైకిలు ఐడ్లింగులో వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతానికి, హైడ్రోకార్బన్లు పది లక్షల భాగాలలో 4,500 భాగాలకు మించరాదు. విఫలమైన బండ్లలో చాలా వాటికి గాలి ఫిల్టరు శుభ్రం చేసి, కార్బురేటరు సరిదిద్దితే చాలును. నీలి పొగ వదిలే ఇంజనుది మాత్రం వేరే కథ. పిస్టన్ రింగులు అరిగి ఆయిలు మండుతున్నదని దాని అర్థం. దానికి ఖర్చు తప్పదు.

నంబరు ప్లేటుకు 51వ నిబంధన కొలతలు నిర్దేశించింది. 70 సి.సి.కి పైబడిన మోటారు సైకిలుకు ముందు అక్షరాలు, అంకెలు 30 మిల్లీమీటర్ల ఎత్తు. వెనుక అక్షరాలు 35, అంకెలు 40 మిల్లీమీటర్లు. వంకర టింకర రాతలు, అంకెలను పేర్లలా కనిపించేటట్లు మలచడం, ఇష్టదైవం, అభిమాన నటుని బొమ్మలు ప్లేటుపై అతికించడం తిరస్కరణకు అర్హమైనవే. ప్లేటు మార్చుకొని మరుసటి రోజు రమ్మనడంతో ఇటువంటివి తేలికగా ముగుస్తాయి.

తేలికగా ముగియనివి మార్పులు చేసిన బండ్లు. సరుకు రవాణా కోసం మోటారు సైకిలు వెనుక భాగాన్ని తొలగించి ట్రాలీ తగిలించిన వాహనాలు ఈ ప్రాంతంలో తరచు కనిపిస్తుంటాయి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 52వ సెక్షన్ నిషేధిస్తున్నది. 182ఎ(4) సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా లేదా రెండూ విధించవచ్చును. ఇవి పేదవాని బతుకుతెరువుకు సంబంధించినవన్న మాట నిజమే. కానీ ఒక బండి బరువు ఆపడానికి తయారైన బ్రేకులు నాలుగు క్వింటాళ్ల ఇటుకలను ఆపలేవు.

తిరస్కరించినప్పుడు

లోపం కనిపించిన వాహనాన్ని సరిచేయించుకొని తిరిగి చూపవచ్చును. పునరుద్ధరణను తిరస్కరించదలచినచో, 45వ సెక్షన్ ప్రకారం రిజిస్టరింగ్ అధికారి కారణాలతో కూడిన ఉత్తర్వు ప్రతిని దరఖాస్తుదారుకు ఇవ్వాలి. ఈ హక్కు తెలిసినవారు తక్కువ. 'బండి పాస్ కాలేదు' అన్న నోటి మాటతో వెనుదిరిగి, ఏ లోపమో తెలియక మధ్యవర్తులను ఆశ్రయించడం కంటె కారణాలను రాతపూర్వకంగా కోరడం ఉభయులకు మేలు. ఉత్తర్వు అందిన 30 రోజులలో 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకొనవచ్చును. మండల స్థాయి అధికారులు, గ్రామ సచివాలయ సిబ్బంది తమ వద్దకు వచ్చేవారికి ఈ రెండు సెక్షన్ల గురించి తెలియజేసినచో ప్రయోజనకరంగా ఉంటుంది.

ప్రభుత్వ కార్యాలయాల మోటారు సైకిళ్లకు మాత్రం ఈ అవకాశం లేదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన 52ఎ నిబంధన ప్రకారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లతో ముగుస్తుంది, వాటిని పునరుద్ధరించరు. రక్షణ, అంతర్గత భద్రతలకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉన్నది. వాహనం నడిచే స్థితిలో ఉన్నప్పటికీ రిజిస్టరైన తుక్కు కేంద్రానికి అప్పగించవలసిందే. కార్యాలయాల ఆవరణలో చెట్ల కింద నిలిచిన పాత శాఖాపరమైన బండ్లను అత్యవసరమని మళ్లీ రోడ్డెక్కించే అధికారులు ఈ సంగతి గమనించాలి.

ఇక పునరుద్ధరణ అక్కరలేదని నిశ్చయించుకొన్న ప్రైవేటు యజమానులు బండిని పాత ఇనుప సామాను వ్యాపారికి అప్పగించి ఊరుకొనడం క్షేమకరం కాదు. ఆ నంబరు, ఆ ఛాసిస్ ముక్క మరొక బండికి చేరి దుర్వినియోగమైతే రికార్డులలో యజమానిగా ఉన్నవారికే మొదట నోటీసు వస్తుంది. వాహనం నశించినప్పుడు గాని, శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినప్పుడు గాని 55వ సెక్షన్ ప్రకారం యజమాని 14 రోజులలో ఆ సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి, ఆర్.సి.ని తిరిగి అప్పగించవలసి ఉంటుంది.